సున్నం పూసిన కుండ

సూరత్ నుంచి నైరుతి దిక్కుగా సుమారు 20 కిలోమీటర్లు వెళ్తే అరేబియా సముద్రం ఒడ్డున డుమస్ వస్తుంది. అక్కడి ఇసుక నల్లగా ఉంటుంది. ఆ నలుపు చుట్టూ అల్లుకున్న దెయ్యాల కథలు టీవీ చానెళ్ల పుణ్యమా అని దేశమంతా పాకాయి. సూరత్ జనానికి మాత్రం డుమస్ అంటే ముందుగా గుర్తుకొచ్చేది దెయ్యం కాదు, టమాటా భజియా. పండు టమాటాను మందపాటి చక్రాలుగా కోసి, పచ్చచట్నీ పట్టించి, శనగపిండిలో ముంచి కాగే నూనెలో వేస్తారు. ఆదివారం సాయంత్రం ఆ బండ్ల దగ్గర గుమిగూడే జనంలో గుజరాతీ, మరాఠీ, ఒడియాలతోపాటు తెలంగాణ యాస కూడా వినిపిస్తుంది. మరమగ్గాల మీద బతుకు వెతుక్కుంటూ కరీంనగర్, వరంగల్, నల్గొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల నుంచి వెళ్లిన పద్మశాలీలు సూరత్‌లో తరాలుగా ఉంటున్నారు. లింబాయత్ వంటి పేటల్లో వాళ్ల ఇళ్లు వేలల్లో ఉన్నాయి. వాళ్ల పిల్లల కోసం మున్సిపల్ కార్పొరేషన్ తెలుగు మీడియం బడులు కూడా నడుపుతోంది. సముద్రపు గాలి, వేడి భజియా, సెలవు రోజు. తెలంగాణ పల్లె నుంచి వెళ్లిన మనిషికి ఆ పూట లోటుగా తోచేది ఒక్కటే. కల్లు.

గుజరాత్ 1960 మే 1న పుట్టినప్పటి నుంచీ మద్యం నిషేధించిన రాష్ట్రం. చట్టం రాష్ట్రం కంటే పాతది. ఉమ్మడి బొంబాయి రాష్ట్రంలో 1949లో చేసిన మద్యనిషేధ చట్టాన్నే అది వారసత్వంగా తీసుకుంది. ఆరోగ్యం పేరుతో పర్మిట్లు, గాంధీనగర్ పక్కన గిఫ్ట్ సిటీలో 2023 డిసెంబరులో ఇచ్చిన సడలింపు వంటి సందులు ఉన్నా అవి మగ్గం కార్మికుడికి అందేవి కావు. కల్లు కూడా నిషేధంలోనే ఉంది. అయితే ఇక్కడే ఒక తమాషా ఉంది. చలికాలం వస్తే సూరత్‌లో తెల్లవారుజామున నీరా అమ్మే కేంద్రాలు తెరుచుకుంటాయి. నడకకు వెళ్లిన పెద్దమనుషులు, బడికి వెళ్లే పిల్లలు, గుడికి బయల్దేరిన ఆడవాళ్లు నిలబడి గ్లాసు గ్లాసు తాగి వెళ్తారు. ఆ రసం మన ఈతచెట్టుదే. గుజరాతీలు దాన్ని ఖజూరి అంటారు. చెట్టు అదే, రసం అదే, గీసే చేయి అదే. చెట్టు మీద అది నీరా. కొన్ని గంటలు అలా వదిలేస్తే అదే కల్లు. మొదటిదాన్ని అమ్మడానికి లైసెన్సు ఇస్తారు. రెండోదాన్ని అమ్మితే జైలుకు పంపుతారు.

ఈ రెంటికీ మధ్య హద్దు ఎక్కడుంది? చట్టం దాన్ని కుండలో పెట్టింది. 1949 చట్టం నీరాను నిర్వచిస్తూ అది పులియని రసం అని చెప్పి ఊరుకోలేదు. పులియకుండా ముందే సిద్ధం చేసిన పాత్రలోకి దించిన రసం అని కూడా చేర్చింది. అంటే తాగే పదార్థాన్ని దాని గుణంతో పాటు, తీసిన పద్ధతితో కూడా నిర్వచించింది. ఆ ‘సిద్ధం చేయడం’ అనేది పల్లెల్లో అందరికీ తెలిసిన పని: లొట్టి లోపలివైపు సున్నం పూయడం.

సున్నం చేసే పని చిన్నదేమీ కాదు. చెట్టు నుంచి కారే రసంలో నూటికి పది నుంచి పదిహేను పాళ్ల దాకా చక్కెర ఉంటుంది. గాలిలో, చెట్టు బెరడు మీద, నిన్నటి కుండ అడుగున ఉండే ఈస్ట్‌లకూ బాక్టీరియాకూ అంతకు మించిన విందు లేదు. మొదటి చుక్క కుండలో పడగానే అవి పని మొదలుపెడతాయి. ఎండ తగిలితే వాటి వేగం ఇంకా పెరుగుతుంది. మధ్యాహ్నానికి తీపి తగ్గి నురగ లేస్తుంది. సాయంత్రానికి ఘాటెక్కుతుంది. ఆల్కహాల్ నాలుగు నుంచి ఆరు శాతం దాకా చేరుతుంది. మర్నాటికి పులుపు ముదిరి వెనిగర్ దారి పడుతుంది. సున్నం రసాన్ని క్షారగుణం వైపు తిప్పి ఆ సూక్ష్మజీవుల చేతులు కట్టేస్తుంది. అందుకే నీరాకు మూడు కట్టుబాట్లు తప్పనిసరి. కుండ ప్రతిసారీ కడిగి ఆరబెట్టి సున్నం పూయాలి. సాయంత్రం కట్టిన కుండను పొద్దు పొడవకముందే దించాలి. దించిన దాన్ని చల్లగా ఉంచాలి. కాసర్‌గోడ్‌లోని కేంద్ర తోటపంటల పరిశోధన సంస్థ కొబ్బరి గెలకు తగిలించే మంచుపెట్టెను తయారుచేసి సున్నం అవసరమే లేకుండా చేసింది. అక్కడ సున్నం పని చలి చేస్తుంది. సూత్రం మాత్రం అదే. రసం కంటే ముందు కుండ సంగతి చూసుకోవాలి.

ఇంత పకడ్బందీ నిర్వచనం ఒక పానీయానికి ఎందుకొచ్చింది అంటే దాని వెనుక సూరత్ జిల్లాకు చెందిన పెద్ద చరిత్రే ఉంది. 1878 నాటి బొంబాయి ఆబ్కారీ చట్టం తర్వాత చెట్టు గీతపై ప్రభుత్వ పట్టు బిగిసింది. అడవి పల్లెల్లో తిండిలో భాగంగా తాగే కల్లు, పన్ను కట్టి కొనుక్కునే సరుకైంది. దుకాణాలు చాలావరకు పార్శీ వ్యాపారుల చేతుల్లో ఉండేవి. అప్పుల్లో పడిన ఆదివాసీలు 1922-23లో దేవి పేరుతో సాగిన ఉద్యమంలో కల్లు, సారా మానేస్తామని మూకుమ్మడిగా ఒట్టు పెట్టుకున్నారు. 1930 ఏప్రిల్‌లో గాంధీ దండిలో ఉప్పు తీశారు. ఇప్పుడు నవసారి జిల్లాలో ఉన్న దండి అప్పట్లో సూరత్ జిల్లాలోనిదే. ఉప్పు తర్వాత ఆయన చూపు ఈతచెట్ల మీద పడింది. కల్లు గీసే చెట్లను నరికెయ్యమని పల్లెలకు పిలుపునిచ్చారు. వేల చెట్లు నేలకూలాయి. దుకాణాల ముందు ఆడవాళ్లు పికెటింగ్‌కు కూర్చున్నారు. వాళ్లను నడిపించిన వారిలో మీఠూబెన్ పేటిట్ ఒకరు. ఆమె పార్శీ కావడం ఆ చరిత్రలోని విశేషం.

నరికింది చెట్టును, అసలు తగువు పులిసిన రసంతో. ఈ తేడా గాంధీకి తర్వాత బాగానే పట్టింది. 1934లో వార్ధాలో ఏర్పడిన అఖిల భారత గ్రామోద్యోగ సంఘం తాటిబెల్లం, ఈతబెల్లం తయారీని చేపట్టింది. గజానన్ నాయక్ ఆ పనికి జీవితం ధారపోశారు. చెట్టును కొట్టొద్దు, రసాన్ని పులియనివ్వొద్దు, బెల్లం వండండి అన్నది కొత్త పాట. స్వాతంత్ర్యం వచ్చాక ఖాదీ గ్రామోద్యోగ కమిషన్ దాన్ని కొనసాగించింది. సూరత్‌లో ఇవాళ తాగే నీరా గ్లాసు ఆ రాజీ నుంచి పుట్టిందే. నిషేధం ఉండాలి, గీసేవాడి పొట్టా నిండాలి. రెండూ కుదరాలంటే నీరా ఏది, కల్లు ఏది అన్నది ఇన్‌స్పెక్టర్ తేల్చుకోగలగాలి. ఆ నిర్వచనం రాసింది అందుకే. నీరా రుచిగా ఉండాలనో, ఫలానా ఊరి నీరాకు పేరు రావాలనో కాదు.

తాగేవాడి కోసం, పండించేవాడి కోసం నిబంధన రాస్తే అది ఎలా ఉంటుందో చూడాలంటే ఇటలీ దాకా వెళ్లాలి. అక్కడ 1963లో రాష్ట్రపతి ఉత్తర్వుతో వైన్ పేర్లకు చట్టరక్షణ మొదలైంది. ఒక ప్రాంతం పేరు సీసా మీద వేసుకోవాలంటే ఆ పేరుకు రాసిన నియమావళిని పాటించాలి. ఇటాలియన్లు దాన్ని దిషిప్లినారె అంటారు. ఆ దేశంలో ఇలాంటి పేర్లు వందల్లో ఉన్నాయి. కియాంతీ, బరోలో వంటివి ప్రపంచమంతటికీ తెలుసు. మిగిలినవాటిలో చాలా పేర్లు పక్క రాష్ట్రంవాడికే తెలియవు. అలాంటి వాటిలో ఒకటి లాక్రిమా ది మొర్రో దాల్బా.

లాక్రిమా అంటే కన్నీటి బొట్టు. ఆ ద్రాక్ష పండాక తొక్క చిట్లి రసం బొట్లు బొట్లుగా కారుతుంది కాబట్టి ఆ పేరు. గెల గీస్తే కారే చుక్కను రోజూ చూసే మనవాళ్లకు ఇందులో కొత్తేమీ కనిపించకపోవచ్చు. మొర్రో దాల్బా అనేది ఏడ్రియాటిక్ సముద్రానికి దగ్గర్లో, మార్కే రాష్ట్రం అంకోనా జిల్లాలో ఉన్న చిన్న ఊరు. పేరులో ఆల్బా ఉంది కదా అని ఇటలీ వాయవ్యంలో ఖరీదైన వైన్‌లకూ తెల్లని ట్రఫుల్ పుట్టగొడుగులకూ పేరుమోసిన ఆల్బా పట్టణంతో కలిపితే పొరబాటే. తొక్క పలచన, కుళ్లు తొందర, దిగుబడి నమ్మకం లేదు. దాంతో రైతులు ఆ ద్రాక్షను వదిలేసి తేలిక పంటల వైపు మళ్లారు. అది దాదాపు కనుమరుగయ్యే దశలో 1985లో ఆ పేరుకు నియంత్రిత గుర్తింపు వచ్చింది.

నియమావళి చదివితే అది పెళ్లి లగ్నపత్రికలా ముక్కుసూటిగా ఉంటుంది. సీసాలో కనీసం 85 శాతం లాక్రిమా ద్రాక్షే ఉండాలి. మిగిలిన 15 శాతం వరకు ఇతర రకాలు కలపొచ్చు. తోటలు మొర్రో దాల్బాతో పాటు మొంతె సాన్ వితో, సాన్ మార్చెల్లో, బెల్వెదెరె ఒస్త్రెన్సె, ఒస్త్రా, సెనిగాల్లియా ఊళ్ల పరిధిలోనే ఉండాలి. ఆ ఊళ్లలో కూడా లోయ అడుగు భూములు, సముద్రాన్ని నేరుగా చూసే కొండవాలులు పనికిరావు. మామూలు రకానికి ఆల్కహాల్ కనీసం 11 శాతం, సుపీరియోరె అనిపించుకోవాలంటే 12. ఎండబెట్టిన ద్రాక్షతో చేసే తీపి రకానికి వేరే లెక్క. హెక్టారుకు ఎన్ని టన్నులకు మించి కోయకూడదో, కోసిన దాని నుంచి ఎన్ని లీటర్లకు మించి తీయకూడదో కూడా రాసి ఉంటుంది. ఇలాంటి చాలా పేర్లకు నూరు కిలోల ద్రాక్షకు 70 లీటర్లకు అటూ ఇటూ హద్దు గీస్తారు.

ఈ చివరి నిబంధన పైకి చప్పగా కనిపిస్తుంది కానీ అసలు కీలకం అందులోనే ఉంది. ద్రాక్షరకం గురించీ నేల గురించీ ఎంత కవిత్వమైనా చెప్పుకోవచ్చు. కల్తీని పట్టుకునేది మాత్రం కూడికలు తీసివేతలే. ఫలానా రైతుకు ఇన్ని హెక్టార్ల తోట ఉందని రిజిస్టర్‌లో ఉంది. హెక్టారుకు గరిష్ఠ దిగుబడి ఎంతో నియమావళిలో ఉంది. అంతకు మించి సీసాలు బయటికొస్తే ఆ మిగులు ఆ తోటది కాదు. దాన్ని కనిపెట్టడానికి నాలుకతో రుచి చూడక్కర్లేదు, ఒక గుమాస్తా చాలు.

ఇటాలియన్లకు ఈ బుద్ధి ఊరికే రాలేదు. 1986లో ఆ దేశంలో చవక వైన్‌లో ఘాటు పెంచడానికి మిథనాల్ కలిపారు. ఇరవై మందికి పైగా చనిపోయారు, మరెందరికో చూపు పోయింది. ఇటలీ వైన్ ఎగుమతులు కుప్పకూలాయి. పేర్ల చట్టం అప్పటికే 23 ఏళ్లుగా ఉంది. అది పేరున్న వైన్‌ను కాపాడింది, పేరులేని చవక వైన్‌ను గాలికొదిలేసింది. చచ్చింది ఆ చవకది తాగినవాళ్లే. 1992లో చట్టాన్ని తిరగరాసి మామూలు వైన్‌లకు కూడా ప్రాంతపు గుర్తింపు ఇచ్చే అంచెను చేర్చారు. ఇదే మిథనాల్ గుజరాత్‌లో నిషేధం నీడలోనే అంతకంటే ఎక్కువ మందిని పొట్టనబెట్టుకుంది. 2009లో అహ్మదాబాద్‌లో కల్తీసారా తాగి 130 మందికి పైగా చనిపోయారు. 2022 జూలైలో బోటాద్ చుట్టుపక్కల 40 మందికి పైగా. మొదటి ఘటన తర్వాత ప్రాణాలు తీసే సారా తయారీకి మరణశిక్ష దాకా వేసే వీలుగా చట్టాన్ని సవరించారు. రెండో ఘటన ఆ సవరణ తర్వాతే జరిగింది.

తెలుగు నేల మీద కల్లుకు నిషేధం లేదు కదా, ఇక్కడి నిబంధనలు ఎవరి కోసం రాసినవి? తెలంగాణలో గీతకు చెట్లను ఎక్సైజ్ శాఖ గుర్తించి నంబర్లు వేస్తుంది. గీత కార్మికుల సొసైటీకో, చెట్టు పేరిట విడిగా గీసేవాడికో లైసెన్సు ఇస్తుంది. మొర్రో దాల్బా తోటల రిజిస్టర్‌కు ఇది ఏ మాత్రం తీసిపోని ఏర్పాటు. ఒక్కో చెట్టుకు లెక్క ఉన్నప్పుడు ఊరికి లెక్క కట్టడం ఎంతసేపు? కానీ నిజాం కాలం నుంచీ ఆబ్కారీ అంటే ఖజానాకు వచ్చే రాబడి. నంబరు వేసింది చెట్టు నుంచి ఎంత పన్ను రావాలో తెలియడానికి. ఎంత కల్లు రాగలదో తెలియడానికి కాదు. తెలంగాణ ప్రభుత్వం చెట్టు పన్నును ఎత్తేసింది. గీతవాళ్లకు అది ఊరటే. పన్ను పోయాక నంబరు ఎందుకో మాత్రం ఎవరూ ఆలోచించినట్టు లేదు.

చెట్టుకూ దుకాణానికీ మధ్య తెగిన ఈ లెక్కలోనే విషం దూరింది. తాటిచెట్టు రోజుకు ఇచ్చేది కొన్ని లీటర్లే. పోతుతాడుకో తీరు, పండుతాడుకో తీరు, ఈతకు మరో తీరు. ఒక కాలంలో పారిన చెట్టు మరో కాలంలో పారదు. పట్నంలో దాహానికి కాలాలు ఉండవు. చాలనిచోట నీళ్లు, చక్కెర, శాకరిన్ చేరతాయి. నీళ్లు కలిపిన దానికి మత్తు రావాలంటే క్లోరల్ హైడ్రేట్, డైజిపాం, అల్ప్రజోలం. నిద్రమాత్రల సరుకు కల్లులోకి ఇలా వచ్చింది. రోజూ తాగేవాడు తనకు అలవాటైంది కల్లు అనుకుంటాడు. అలవాటైంది మాత్ర. ఆ సంగతి 2015లో బయటపడింది. కల్తీ మీద దాడులు పెరిగి మందు కలపడం ఆగేసరికి నిజామాబాద్, మెదక్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో జనం వణుకుతూ, మెడలు వంకర్లు పోతూ, మతి తప్పి మాట్లాడుతూ ఆస్పత్రులకు చేరారు. కల్లు తాగినందుకు కాదు, తమ ‘కల్లు’ దొరకనందుకు.

హైదరాబాద్‌లో కల్లు దుకాణాలను 2004లో మూసేశారు. చెట్లు లేని నగరానికి ఇంత కల్లు ఎక్కడిదన్న ప్రశ్న అప్పట్లో గట్టిగానే వినిపించింది. పదేళ్ల తర్వాత, 2014లో తెలంగాణ వచ్చిన ఏడే మళ్లీ తెరిచారు. గీత మీద బతికే కుటుంబాలకు న్యాయం చేయాలన్నది కారణం. ఆ కారణంలో తప్పు పట్టడానికేమీ లేదు. ప్రశ్న మాత్రం అలాగే ఉండిపోయింది. 2025 జూలైలో కూకట్‌పల్లి ప్రాంతంలో కల్లు తాగినవాళ్లు ఒకరి తర్వాత ఒకరు వాంతులు, విరేచనాలతో ఆస్పత్రుల పాలయ్యారు. పలువురు చనిపోయారు. పరీక్షల్లో అల్ప్రజోలం బయటపడింది. లైసెన్సులు రద్దయ్యాయి, అరెస్టులు జరిగాయి. ఇన్ని చెట్లున్నాయి, ఇన్ని లీటర్లు రావాలి, ఇన్ని లీటర్లు అమ్మారు అన్న మూడు అంకెలు పక్కపక్కన పెట్టి చూసే పని మాత్రం గుమాస్తాకు ముందే అప్పగించి ఉండాల్సింది.

మన దేశంలో పేర్లను కాపాడే చట్టం లేక కాదు. భౌగోళిక గుర్తింపుల చట్టం 1999లో చేశారు, 2003 సెప్టెంబరు నుంచి అమల్లో ఉంది. పోచంపల్లి ఇక్కత్‌కు, తిరుపతి లడ్డూకు, బంగినపల్లి మామిడికి ఆ గుర్తింపు వచ్చింది. 2010లో హైదరాబాద్ హలీంకు వచ్చినప్పుడు కట్టెల పొయ్యి మీద, రాగి దేగ్‌లో గంటల తరబడి ఉడకాలన్న వివరాలు కూడా కాగితం మీదికెక్కాయి. తాగేవాటిలో గోవా ఫెనీ 2009లో, అస్సాంలో దిమాసా తెగ బియ్యంతో చేసే జుదిమా 2021లో గుర్తింపు పొందాయి. ఫెనీ విషయంలో ఓ మెలిక ఉంది. గుర్తింపు వచ్చింది జీడిమామిడి ఫెనీకి. కొబ్బరి కల్లు కాచి తీసే ఫెనీ కూడా గోవాలో ఎప్పటి నుంచో ఉంది, దాన్ని పక్కన పెట్టేశారు. తాటి, ఈత, కొబ్బరి జాతి చెట్ల మీద బతికేవాళ్ల పేరు పత్రాల దగ్గరికి వచ్చేసరికి వెనకబడటం మన దగ్గర కొత్త కాదు. తెలుగు ఊళ్ల కల్లుకుగానీ నీరాకుగానీ అలాంటి పేరు రాలేదు.

నీరాకు తెలంగాణ ఓ ప్రయత్నం చేసింది. గీత, అమ్మకం గౌడ కులస్థులకే పరిమితం చేస్తూ విధానం తెచ్చింది. 2023 మేలో హైదరాబాద్ నెక్లెస్ రోడ్డు మీద, హుస్సేన్ సాగర్ ఎదురుగా నీరా కేఫ్ తెరిచింది. అద్దాల భవనంలో మట్టిముంతలో నీరా తాగడం నగరవాసికి సరదాగానే ఉంది. అయినా నిజంగా చెప్పుకోవాల్సింది భవనం గురించి కాదు. ఏ ఊరి చెట్టు, ఎన్ని గంటలకు దించారు, కుండ సున్నానిదా మంచుదా అన్న మూడు ముక్కలు గ్లాసు పక్కన రాసి ఉంటే కేఫ్ లేకపోయినా నీరా నిలబడుతుంది.

నియమావళి అన్నిటికీ మందని అనుకోవడమూ పొరబాటే. ఇటలీలోనే దానికి ఎదురుదెబ్బ తగిలింది. టస్కనీలో కొందరు పెద్ద తయారీదారులు నియమావళి ఒప్పుకోని ద్రాక్షలతో, పద్ధతులతో వైన్ చేసి పేరున్న గుర్తింపు వద్దనుకుని మామూలు ‘బల్లమీద వైన్’ అనే హోదాతో అమ్మారు. 1971 పంటతో మొదలైన తిన్యానెల్లో అలాంటిదే. అవి గుర్తింపు ఉన్నవాటి కంటే ఖరీదుగా అమ్ముడుపోయాయి. నిబంధన బిగుసుకుపోతే తెలివైనవాడు బయటికి నడుస్తాడు. పైగా వైన్ ఏళ్లతరబడి నిల్వ ఉంటుంది, ఓడెక్కి ఖండాలు దాటుతుంది. కల్లు పొద్దున ఒకటి, మాపటికి మరొకటి. పక్క మండలానికి చేరేసరికే దాని గుణం మారుతుంది. దానికి ప్రపంచ మార్కెట్ కలలు అక్కర్లేదు. పదిహేను కిలోమీటర్ల పరిధిలో అది అదే అని నమ్మకం ఉంటే చాలు. రాసేవాళ్లు కూడా గౌడలే అయి ఉండాలి. మొర్రో దాల్బా నిబంధనలు రోమ్‌లో అచ్చయ్యాయి కానీ ఏ వాలు మీద ద్రాక్ష బాగుంటుందో చెప్పింది ఆ ఊరి రైతులే.

అసలు ఎక్కేవాళ్లు మిగలాలి కదా అన్నది ఇంకో చిక్కు. మోకు తెగో, మట్ట విరిగో తాటిచెట్టు మీది నుంచి పడినవాడి కథ లేని గౌడవాడ ఉండదు. 2024 జూలైలో తెలంగాణ ప్రభుత్వం గీత కార్మికులకు కాటమయ్య పేరిట రక్షణ కిట్లు పంచడం మొదలుపెట్టింది. తాడు, బెల్టు, బిగించే క్లిప్పులు ఉన్న ఆ సామగ్రి చెట్టుకే ప్రాణం కట్టి ఉంచుతుంది. కిట్టు ఇచ్చినంత మాత్రాన కొడుకు చెట్టెక్కుతాడని కాదు. పగలు రెండుసార్లు ప్రాణం పణంగా పెట్టి దించిన అసలు కల్లు, ట్యాంకులో కలిపిన నీళ్లు ఒకే ధరకు అమ్ముడుపోతుంటే వాడు ఎందుకు ఎక్కుతాడు? మొర్రో దాల్బా రైతు చిట్లిపోయే ద్రాక్షను మళ్లీ నాటింది ఊరి మీద ప్రేమతో మాత్రమే కాదు. సీసా మీది పేరు ఇంకొకడు వాడుకోలేడన్న భరోసాతో.

డుమస్ భజియాకు ఇలాంటి పత్రమేమీ లేదు. సూరత్‌లో ఎక్కడ టమాటా భజియా వేసినా బోర్డు మీద డుమస్ అని రాసుకుంటారు, కేసులు పెట్టేవాడు లేడు. చెడ్డ భజియా తింటే కడుపు చెడుతుంది, అంతకు మించి ఏమీ కాదు. నీరా గ్లాసుకు ఆ వెసులుబాటు లేదు కాబట్టి చలికాలం పొద్దెక్కుతుండగానే కేంద్రాల్లో గ్లాసులు కడిగి బోర్లిస్తారు. మిగిలిన రసం ఎండలో నిలిస్తే చట్టం దాన్ని వేరే పేరుతో పిలుస్తుంది.

దసరా దగ్గరపడితే లింబాయత్ కుటుంబాలు సంచులు సర్దుకుని సూరత్ స్టేషన్‌లో నవజీవన్ ఎక్స్‌ప్రెస్ కోసం చూస్తాయి. అది వరంగల్ మీదుగా చెన్నై వెళ్లే బండి. సొంత ఊరు చేరాక, పండుగ పొద్దున గౌడన్న లొట్టి దించి ముంతలో వంచబోతుంటే మగ్గం మనిషి చెయ్యి చాచి ఒక మాట అడుగుతాడు.

‘‘అన్నా, ఇది ఏ చెట్టుది?’’

గౌడన్న చెరువు కట్ట వైపు చెయ్యెత్తి చూపిస్తాడు.